బడి గోడ నుంచి 300 అడుగులు: ఒక బీడీల ఊరిలో యువత చేసిన పని

నేనుండేది హనుమకొండలో. పని మాత్రం ఎక్కువగా జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు. ఆరోగ్యానికి సంబంధించిన స్థానిక నిర్ణయాల్లో యువతను కూర్చోబెట్టడం నా ఉద్యోగం. ఈ కేసు ఆ వైపు ఉన్న ఒక చిన్న మునిసిపాలిటీది, బడుల పక్కన పొగాకు అమ్మకం ఆపించడానికి అక్కడి యువత చేసిన ప్రయత్నం. ఊరి పేరు రాయడం లేదు. పని ఇంకా నడుస్తోంది. పేర్లు బయటపడితే ఇబ్బంది పడేది పాన్ డబ్బాల వాళ్లు, ఆ పిల్లలు, నేను కాదు.

ఈ పని నా నెత్తికెక్కింది ఒక ఆటో డ్రైవర్ వల్ల. పాతికేళ్లు కూడా లేవు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఆవరణలో పరిచయమయ్యాడు. నోరు తెరిస్తే నిలువునా మూడు వేళ్లు పట్టాలి, అది మామూలు లెక్క. అతనికి ఒక వేలు పట్టి, రెండోది సగంలో ఆగింది. వక్క, గుట్కా నమిలీ నమిలీ లోపలి చర్మం గట్టిపడిపోయింది. అన్నం మెత్తగా పిసికి తింటున్నానన్నాడు. ఎప్పుడు మొదలుపెట్టావంటే, "ఎనిమిదో తరగతిల సారూ, మా బడి గోడ పక్కనే డబ్బా ఉండె" అన్నాడు. అతని బడి ఉన్న ఊరే ఈ ఊరు.

ర్యాలీతో మొదలుపెట్టాం, అది తప్పు

మొదటి కార్యక్రమం 2023 మే 31న పెట్టాం, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం కదా అని. మన దగ్గర ఆ రోజు బడులుండవు, వేసవి సెలవులు జూన్ 12 దాకా. బడి పిల్లల కోసం చేసే ర్యాలీలో బడి పిల్లలు లేరు. డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు ఇరవై మంది దాకా ప్లకార్డులు పట్టుకుని ఎండలో నడిచారు. మరుసటి రోజు జిల్లా పేజీలో ఫోటో పడింది. ర్యాలీ ముగిసిన చోట ఇద్దరు కుర్రాళ్లు డబ్బా దగ్గర ఆగి సిగరెట్ వెలిగించుకున్నారు, ప్లకార్డు చంకలో పెట్టుకునే. నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. వాళ్లను నడిపించింది నేను. ఎందుకు నడుస్తున్నారో చెప్పనిది కూడా నేనే.

జులైలో మళ్లీ కూర్చున్నాం. ఈసారి వచ్చింది పద్దెనిమిది మంది, అందులో అమ్మాయిలు పది మంది. చార్ట్ కాగితం మీద ఒకే ప్రశ్న రాశాను: "ఎవరి సంతకంతో ఇది మారుతుంది?" మొదట అందరూ ప్రభుత్వం అన్నారు. ప్రభుత్వం అంటే ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు అని అడిగితే మౌనం. గంటసేపు గీసుకుంటూ పోతే ఎంఈఓ (మండల విద్యాధికారి), హెడ్‌మాస్టర్, ఎస్సై, కమిషనర్, చైర్‌పర్సన్, కలెక్టర్ అన్నీ వచ్చాయి. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి చేయగలిగేది ఏమిటో రాయమన్నాను. హెడ్‌మాస్టర్ బోర్డు పెట్టగలడు. ఎస్సై జరిమానా వేయగలడు. లైసెన్సు ఇచ్చేది, ఇవ్వకుండా ఆపేది మునిసిపాలిటీ. మేం ఏడాదిన్నర పట్టుకు వేలాడింది ఆ చివరి వాక్యాన్నే.

చట్టం కొత్తది అక్కర్లేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం 6వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలే అమ్మకూడదు. ఉల్లంఘిస్తే జరిమానా 200 రూపాయల దాకా. అక్కడే ఉంది తిరకాసు. 200 కట్టి మళ్లీ డబ్బా తెరుచుకోవచ్చు. లైసెన్సు కాగితం మీద షరతు ఉంటే లెక్క వేరు. పొగాకు అమ్మేవాళ్లకు స్థానిక సంస్థల ద్వారా లైసెన్సు పెట్టమని, ఆ దుకాణాల్లో చాక్లెట్లు, బిస్కెట్లు, చిప్స్ లాంటివి అమ్మనివ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి మేం అడిగేది గాలిలోంచి తెచ్చిన కోరిక కాదు.

"మా అమ్మ బీడీలు చేస్తేనే నా ఫీజు"

రెండో సమావేశంలో బీఎస్సీ చదివే ఒక అమ్మాయి లేచి అడిగింది. "అన్నా, మా అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చేస్తేనే నా ఫీజు కడుతున్నం. నేను పొగాకు వద్దని ఏ మొఖంతోని అడగాలె?"

దీనికి నా దగ్గర సిద్ధమైన జవాబు లేదు. చేతులెత్తమంటే సగానికి పైగా ఇళ్లలో బీడీల పని ఉంది. పొద్దున వంట కాగానే ఒళ్లో చాట పెట్టుకుని, తడిపిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి దారం కట్టే తల్లులు వీళ్లవాళ్లు. పదో తరగతి ఆడపిల్లలు సాయంత్రం బడి నుంచి వచ్చి కట్టలు కడతారు. తంబాకు దుమ్ముకు దగ్గు, వంగి కూర్చుని నడుం నొప్పి, ఎండాకాలం కూడా గాలికి ఆకు ఎగరకుండా ఫ్యాన్ బంద్. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు రాష్ట్రం 2015 నుంచి నెలకు 1,000, 2019 నుంచి 2,016 రూపాయల భృతి ఇస్తోంది. చాలా ఇళ్లలో నమ్మకంగా వచ్చే డబ్బు అదొక్కటే.

ఆ రోజు గంటకు పైగా వాదన జరిగింది. బీడీ అనే మాటే ఎత్తొద్దన్నారు కొందరు. తల్లుల ఆరోగ్యం గురించి కూడా మాట్లాడాలన్నారు ఇంకొందరు. చివరికి వాళ్లే ఒక గీత గీసుకున్నారు: మనం చేసేవాళ్ల జోలికి పోవడం లేదు, తాగే పెద్దల జోలికి కూడా పోవడం లేదు, బడి గోడ పక్కన అమ్మకం మాత్రమే మన సంగతి. ఇది రాజీ అని తర్వాత హైదరాబాద్‌లో ఒక సమావేశంలో నన్ను నిలదీశారు. నేనలా అనుకోవడం లేదు. ఆ గీత లేకపోతే రెండో వారానికే సగం మంది ఇంటి దగ్గర ఆగిపోయేవారు. అడిగింది చిన్నదైనందుకే నిలబడి అడగగలిగారు. ఆ అమ్మాయి తల్లి తర్వాత ఓసారి నాతో అన్నది, "మేం చేసిన బీడీలు లారీల పోతయ్ బిడ్డా, ఏడ తాగుతరో మాకేం ఎరుక. పోరగాండ్లకు అమ్ముమని మేం చెప్పినమా?" మా పని మొత్తంలో ఇంత సూటిగా మాట్లాడిన వాళ్లు ఇంకొకరు తగల్లేదు నాకు.

మేస్త్రీ టేపు

100 గజాలంటే 300 అడుగులు, మీటర్లలో 91 చిల్లర. సుతారి మేస్త్రీల దగ్గర 100 అడుగుల టేపు ఉంటుంది, అంటే సరిగ్గా మూడు టేపులు. ఒక కుర్రాడి మేనమామ మేస్త్రీ, ఆదివారాలు పని లేనప్పుడు ఇచ్చేవాడు.

మొదటి ఆదివారం జిల్లా పరిషత్ హైస్కూల్ గేటు దగ్గర నుంచి రోడ్డు వెంట కొలిచి, ఆ 300 అడుగుల గీత లోపల ఉన్న దుకాణాలన్నీ రాసుకొచ్చారు. సంబరంగా ఉన్నారు. రాత్రి నేను నిబంధనలు మళ్లీ చదివితే తెలిసింది, కొలవాల్సింది గేటు నుంచి కాదు, ప్రహరీ గోడ బయటి అంచు నుంచి. అదీ రోడ్డు వెంట కాదు, చుట్టూ అన్ని వైపులా సూటిగా. మళ్లీ కొలిస్తే ఐదు దుకాణాలు అదనంగా గీత లోపలికి వచ్చాయి. గోడ వెనక మూల గేటు కంటే బజారుకే దగ్గర మరి.

సూటిగా కొలవడమంటే ఇళ్ల మధ్య నుంచి కొలవడం. బడి వెనక సందులో ఒక డబ్బా ఉంది. రోడ్డు మీద తిరిగి వెళ్తే 300 దాటుతుంది, డబ్బా యజమాని వాదన కూడా అదే. సూటి గీత పోయేది ఒక ముసలమ్మ ఇంటి వాకిట్లోంచి. ఇద్దరమ్మాయిలు టేపు పట్టుకుని లోపలికి పోతే ఆమె చాట పక్కన పెట్టి లేచింది.

"ఏం కొలుస్తున్నరు బిడ్డా? రోడ్డు వెడల్పు చేస్తరా? మా ఇల్లు పోతదా?"

ఇల్లు పోదని నమ్మించడానికి పావుగంట పట్టింది. తెల్ల కాగితాలు, టేపు, ఫోటోలు అంటే మన ఊళ్లలో కూల్చివేత ముందు వచ్చేవి అని జనానికి తెలుసు. మేం దాన్ని ముందే ఊహించాల్సింది. ఆ తర్వాత ప్రతి సందులో కొలిచే ముందు ఒకరు ముందుగా పోయి చెప్పి రావాలని నియమం పెట్టుకున్నాం. ముసలమ్మ చివరికి టేపు కొస తానే పట్టుకుంది, వెనక దొడ్డి తలుపు తీసింది. 262 అడుగులు. ఫోన్ మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం మీద గీసి చూసినా అంతే తేలింది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాం కాబట్టి తర్వాత ఆఫీసులో ఎవరూ అంకెను కాదనలేదు.

మూడు బడులు, ఒక జూనియర్ కాలేజీ చుట్టూ కలిపి గీత లోపల పొగాకు అమ్మేవి పద్నాలుగు తేలాయి.

ఇక్కడ ఒక నిర్ణయం గురించి చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడిని పంపి సిగరెట్ కొనిపిద్దాం, సాక్ష్యం గట్టిగా ఉంటుంది అన్నారు కొందరు. ఒప్పుకోలేదు. పిల్లలకు పొగాకు అందకూడదంటూ పిల్లవాడి చేతికే అందించడం ఏం పద్ధతి? పైగా బాలల న్యాయ (జువెనైల్ జస్టిస్) చట్టం, 2015లో 77వ సెక్షన్ ఉంది. పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అంత బరువైన సెక్షన్ మీద ఎర వేసి ఒక చిన్న దుకాణదారుడిని ఇరికించే పని మేం చేయదలచుకోలేదు. 18 నిండని వాళ్లు మా గుంపులో నలుగురున్నారు. వాళ్లు లెక్కలు, పటాలు మాత్రమే చూశారు, అదీ ఇంట్లో రాసిచ్చాకే.

ఇంకొకటి మాత్రం నా అజాగ్రత్త. ఒక కుర్రాడు బడి పిల్లవాడికి గుట్కా ఇస్తున్న దుకాణాన్ని వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రాత్రికి ఊరంతా తిరిగింది. దుకాణదారుడి కొడుకు మా కుర్రాడి క్లాస్‌మేటే. కొట్టుకునే దాకా పోయింది. "మీ అమ్మ చేసేది బీడీలే కదరా, నువ్వొచ్చి నా డబ్బా బంద్ చేయిస్తవా" అని ఆ తండ్రి నడిబజారులో అరిచాడు. వీడియో తీసేయించి, నేనూ ఇద్దరు పిల్లలూ పోయి క్షమాపణ అడిగాం. ఆ సందులో మళ్లీ మాతో ఎవరైనా మాట్లాడడానికి మూడు నెలలు పట్టింది. ఫోటోల గురించి మొదటి రోజే నియమం పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు.

కోడ్, ఆర్టీఐ, గుమాస్తా

కొలతలు పూర్తయ్యేసరికి 2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. ఏ ఆఫీసుకు పోయినా ఒకటే మాట, కోడ్ అయ్యాక రండి. నవంబర్ 30 పోలింగ్, డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం, అధికారుల బదిలీలు. మళ్లీ 2024 మార్చి 16న లోక్‌సభ కోడ్, జూన్ మొదటి వారం దాకా. ఏడాదిలో సగం అలా పోయింది. యువతతో పనిచేసేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఇరవై ఏళ్ల వయసులో మూడు నెలల నిరీక్షణ చాలా పొడుగు. పద్దెనిమిది మందిలో ఏడుగురు జారిపోయారు. ఒకరికి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఒకరికి పెళ్లి, మిగిలినవాళ్లు గ్రూప్స్ కోచింగ్.

కోడ్ ఆపలేనిది ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు. అందుకని మునిసిపాలిటీకి రెండు ప్రశ్నలు పంపాం: పొగాకు అమ్మే ఎన్ని దుకాణాలకు ట్రేడ్ లైసెన్సు ఉంది, వాటి మీద ఏ షరతులున్నాయి. 30 రోజులు దాటినా జవాబు లేదు. అప్పీలు పెట్టాక వచ్చింది, ఒకటిన్నర లైను, పొగాకుకు వేరే లెక్క లేదని.

జవాబు తీసుకోవడానికి పోయిన అమ్మాయికి లైసెన్సుల సెక్షన్ గుమాస్తా ఒక నమూనా కాగితం చూపించాడు. అడుగున షరతులు అని ఉంది, దాని ఎదురుగా ఖాళీ. "ఈడ ఎవ్వరు ఏం రాయరమ్మా. కౌన్సిల్ తీర్మానం ఉంటే రాస్తం, మాదేం పోయింది" అన్నాడు. అంతదాకా మేం కొత్త ఉపనిబంధన, గెజిట్ అంటూ ఏవేవో పెద్ద మాటలు రాసిన ముసాయిదా ఐదు పేజీలుండేది. ఆ ఖాళీ చూశాక అది ఒక పేజీకి తగ్గింది. కొలతల కంటే ముందే ఆ గుమాస్తా బల్ల దగ్గరికి పోయి ఉండాల్సింది. నాకు ఆ ఆలోచనే రాలేదు. మేం పై గదుల వైపే చూస్తూ ఉన్నాం.

కౌన్సిలర్ ఇంట్లో

2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టంలో వార్డుకు నాలుగు కమిటీలున్నాయి, ఒక్కోదానిలో 15 మంది. వాటిలో ఒకటి యువతకే. కాగితం మీద ఇది అద్భుతమైన తలుపు. మా పిల్లల్లో ఇద్దరి పేర్లు తమ వార్డు యువజన కమిటీలో ఉన్నాయని వాళ్లకే తెలియదు. సమావేశం ఎప్పుడూ పిలవలేదు. మేం ఆ పేరుతోనే కౌన్సిలర్లకు ఉత్తరాలు రాశాం. "కమిటీ సభ్యులం" అని రాస్తే తలుపు కాస్త తొందరగా తెరుచుకుంటుంది.

హైస్కూల్ ఉన్న వార్డు కౌన్సిలర్ ఒక మహిళ. రెండుసార్లు పోతే రెండుసార్లూ భర్తే కూర్చుని మాట్లాడాడు, ఆమె చాయ్ పంపింది. మూడోసారి అమ్మాయిలు మాత్రమే పోయారు, మధ్యాహ్నం పూట, ఆయన లేనప్పుడు. మా దగ్గర దేశం అంకెలున్నాయి: 2019 సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, బీడీ తాగిన పిల్లల్లో 47 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. ఆమె విన్నది, తల ఊపింది. అమ్మాయిలు ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పోశారు, ఒక్క ఉదయం బడి గోడ వెంట ఏరిన గుట్కా ప్యాకెట్లు. మట్టి, ఎర్రటి మరకలు. ఆమె ఒకటి తీసి తిప్పి చూసింది. "మా పోరడు ఈ బడిల్నే చదివిండు" అన్నది.

తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "దుకాణాలు తీసేయిస్తరా? వెనక సందుల డబ్బా మొగుడు సచ్చిపోయిన మనిషిది. ఆమె పొట్ట కొట్టెటట్టయితే నేను సంతకం పెట్ట."

ముసాయిదాలో మేం తొలగించాలి అనే రాసుకున్నాం. అక్కడే కూర్చుని కొట్టేశారు. కొత్త వాక్యం: గీత లోపల దుకాణం ఉండవచ్చు, పొగాకు ఉండకూడదు, గీత బయటికి డబ్బా జరుపుకోవాలనుకునే వాళ్లకు మునిసిపాలిటీ స్థలం చూపాలి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, అలా స్థలం చూపేందుకు టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది, దాన్నే వాడమన్నాం. ఈ మార్పు రాకముందు కౌన్సిల్లో ఎవరూ అజెండాలో పెట్టడానికి సిద్ధంగా లేరు. వచ్చాక ఆమె పెట్టించింది. పొగాకు ఏజెన్సీ ఉన్న బంధువు గల ఒక కౌన్సిలర్ ఒకసారి వాయిదా వేయించాడు. రెండోసారి, 2024 చివర్లో, చర్చ లేకుండా పాసైంది. పిల్లలు బయట వరండాలో నిలబడి ఉన్నారు. కౌన్సిల్ సమావేశంలో మనకు మాట్లాడే హక్కు లేదు కదా. అరగంట తర్వాత అటెండర్ వచ్చి "మీది అయిపోయింది" అన్నాడు. ఏం అయిపోయిందో అర్థం కాక ఇద్దరు ఏడుపు మొహం పెట్టారు.

తర్వాత

2025 జనవరి 26తో కౌన్సిల్ పదవీకాలం ముగిసింది. ప్రత్యేకాధికారి వచ్చారు. పాత తీర్మానం ఉన్న ఫైలు ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడానికి నాలుగు సోమవారాలు ప్రజావాణిలో, అంటే అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే చోట, నిలబడ్డాం. ఫైలు ఎక్కడ ఉందో చూపింది మళ్లీ ఆ గుమాస్తానే. రెన్యూవల్ సమయానికి లైసెన్సు కాగితాల మీద ఆ ఖాళీలో రబ్బరు స్టాంపు పడడం మొదలైంది.

బడులు తెరిచాక జూన్‌లో మళ్లీ తిరిగి చూశాం. పద్నాలుగింటిలో ఎనిమిదింట్లో పొగాకు కనబడడం లేదు. నాలుగింట్లో కౌంటర్ కింద ఉంది, అడిగినవాళ్లకు ఇస్తున్నారు, లైసెన్సే లేని డబ్బాలవి. లైసెన్సు షరతు లైసెన్సు లేనివాడిని ఏం చేస్తుంది? దానికి పోలీసు జరిమానానే దిక్కు, మళ్లీ ఆ 200. ఒకటి మూతపడింది, మా వల్ల కాదు, యజమాని గల్ఫ్ పోయాడు. వెనక సందు డబ్బా గీత బయటికి జరిగింది. ఆమెకు గిరాకీ మొదట తగ్గింది, ఇప్పుడు పొద్దున ఇడ్లీ పెడుతోంది. జరిగిన చోటు మాత్రం ఒక ట్యూషన్ సెంటర్ ఎదురుగా. ట్యూషన్ సెంటర్‌ను గుర్తింపు పొందిన బడి కింద లెక్క వేయరు. పిల్లలు మాత్రం ఆ బడి పిల్లలే, సాయంత్రం ఆరింటికి అక్కడికే వస్తారు.

ఖర్చంతా జిరాక్సులు, బస్సు చార్జీలు, చాయ్‌లు. టేపుకు ఏమీ ఇవ్వలేదు, మేస్త్రీ తీసుకోలేదు. ఇప్పుడు పనిలో మిగిలింది పదకొండు మంది, వాళ్లలో రెండో సమావేశంలో ఫీజు గురించి అడిగిన అమ్మాయి ఉంది. ఇంట్లో పదో తరగతి చెల్లెలు బీడీ కట్టలు కట్టే గంటల గురించి రాసుకుంటున్నానని పోయిన వారం చెప్పింది. ఎవరి సంతకం కావాలో ఇంకా తెలియలేదట.